సగం డాబా

శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికొచ్చేసరికి నాన్న పెరట్లో పాత ఇనప డ్రమ్ము పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు. డ్రమ్ములో సగం దాకా నీళ్లు. పక్కన గోనెసంచిలో సున్నం గడ్డలు. నన్ను చూడగానే, "నీకోసమే ఆగాను. పిల్లల్ని కూడా పిలువు, చూస్తారు" అన్నారు.

అసలైతే ఆ రెండు రోజులూ మేం కొండల్లో ఎక్కడో ఉండాల్సింది. రెండు కుటుంబాలకీ గదులు కూడా మాట్లాడుకున్నాం. పది రోజుల ముందు నాన్నకి మోకాలు వాచింది. ఆయన్నీ అమ్మనీ ఇంట్లో వదిలి వెళ్లడానికి నాకు మనసొప్పలేదు. ఇంకో మూడు వారాల్లో మా అమ్మాయి హాస్టలుకి వెళ్లిపోతోంది. ఈ ఎండాకాలంలో అందరం ఒకచోట ఉండే శని, ఆదివారాలు ఇక అవే. గదులు వద్దని చెప్పేసి, నా స్నేహితురాలికి ఫోన్ చేసి విషయం చెప్పాను. "కొండలెక్కడికీ పోవు కానీ, మేమే మీ ఇంటికి వచ్చేస్తాం. ఏం చేద్దాం?" అంది. డాబాకి వెల్ల వేద్దామని నాన్న అంటున్నారన్నాను. రెండు క్షణాలు ఆగి, "నాక్కూడా ఒక కుంచె ఉంచు" అంది.

సున్నం గడ్డ నీళ్లలో పడితే ఏమవుతుందో నేను చిన్నప్పుడెప్పుడో చూశాను, మర్చిపోయాను. పిల్లలైతే అసలు చూడనేలేదు. వాళ్లిద్దరికీ కళ్లద్దాలు పెట్టించి నాలుగడుగుల దూరంలో నిలబెట్టారు నాన్న. సున్నం కంట్లో పడితే చూపుకే ముప్పు, ఆ విషయంలో ఆయన ఎవరినీ క్షమించరు. "గడ్డని నీళ్లలో వెయ్యాలి. గడ్డ మీద నీళ్లు పొయ్యకూడదు, ఎగజిమ్ముతుంది" అంటూ పొడుగాటి గరిటెతో మొదటి గడ్డని మెల్లగా లోపలికి దింపారు.

కాసేపు ఏమీ లేదు. ముద్దగా, బూడిదరంగు రాయిలా అడుగున పడి ఉంది. తర్వాత సన్నగా ఒక చప్పుడు, ఎండిన పుల్ల విరిగినట్టు. గడ్డ మీద ఒక పగులు, దాన్లోంచి బుడగలు. ఇంకో పగులు. చూస్తుండగానే రాయి పువ్వులా విచ్చుకుని, కుతకుతమని ఉడకడం మొదలుపెట్టింది. ఆవిరి లేచింది. రెండోది, మూడోది, నాలుగోది వేసేసరికి డ్రమ్ము బయటి రేకు కూడా చెయ్యి పెట్టలేనంత కాలింది.

స్నేహితురాలి కొడుక్కి తొమ్మిదేళ్లు. వాడు డ్రమ్ము కిందికి వంగి చూసి, "తాతయ్యా, కింద మంట లేదుగా, నీళ్లెలా మరుగుతున్నాయి?" అన్నాడు. నాన్నకి వినపడలేదు. ఈమధ్య వినికిడి బాగా తగ్గింది, మాట్లాడేవాళ్ల పెదాలు చూసి సగం అర్థం చేసుకుంటారు. మా అమ్మాయి ఆయన చెవి దగ్గర నోరు పెట్టి ఆ ప్రశ్నే మళ్లీ అడిగింది.

"బట్టీలో దీనికి పెట్టిన మంట ఇందులోనే దాక్కుని ఉందిరా. నీళ్లు తగిలితే బయటికొస్తుంది" అన్నారు.

మా అమ్మాయి సైన్సు చదివింది కాబట్టి మిగతాది తను చెప్పింది. సున్నపురాయిని బట్టీలో కాలిస్తే అందులోంచి కార్బన్ డయాక్సైడ్ పోతుంది. మిగిలేదే ఈ గడ్డ. నీళ్లు కలిపితే వేడి కక్కి మెత్తని ముద్దవుతుంది. దాన్ని గోడకో నేలకో పూస్తే, పోగొట్టుకున్న కార్బన్ డయాక్సైడ్‌ని గాల్లోంచి కొద్దికొద్దిగా తిరిగి తీసుకుని మళ్లీ రాయైపోతుంది. వాడు అంతా విని, "అంటే మన డాబా మీద రాయి మొలుస్తుందా?" అన్నాడు. ఔననే చెప్పాం. ఔను మరి.

ఆ రాత్రి డ్రమ్ము మీద మూతపెట్టి సున్నాన్ని అలాగే వదిలేశాం.

వెల్ల ఎందుకంటే, మా ఇంట్లో ఎండాకాలం మధ్యాహ్నం కన్నా రాత్రి పదింటికే ఎక్కువ ఉక్క. చాలా ఇళ్లల్లో అంతే. కాంక్రీటు స్లాబు పగలంతా ఎండని తాగుతుంది. ఆ వేడి పైనుంచి కిందికి దిగడానికి కొన్ని గంటలు పడుతుంది. బయట గాలి చల్లబడే వేళకి లోపల సీలింగు నిప్పుల మీద పెట్టిన పెనంలా మన నెత్తిన ఉంటుంది. మంచమ్మీద పడుకుని చెయ్యి పైకి చాస్తే ఆ సెగ అరచేతికి తెలుస్తుంది. తెల్లటి పూత ఉంటే ఎండలో ఎక్కువ భాగం వచ్చిన దారినే పైకి పోతుంది. నాన్న రెండేళ్లుగా చెబుతున్నారు, నేనే ఎప్పటికప్పుడు వాయిదా వేస్తూ వచ్చాను.

శనివారం తెల్లవారుజామున అయిదింటికి అందరం డాబా మీదున్నాం. అమ్మా నాన్నా, నేనూ మా ఆయనా, మా అమ్మాయి, స్నేహితురాలూ వాళ్లాయనా, వాళ్లబ్బాయి. ఎనిమిది మంది. మామూలుగా సెలవురోజు ఏడింటికి కూడా లేవని మనుషులు. వెల్ల ఎండలో వెయ్యకూడదు. తడి చటుక్కున ఆరిపోతే పూత పట్టుకోదు, వేలు పెడితే పొడిలా రాలుతుంది. అందుకే ముందు ఊడ్చి, కడిగి, నేల తడిగా ఉండగానే మొదలుపెట్టాం. మా ఆయన, స్నేహితురాలి భర్త కలిసి సున్నాన్ని బకెట్లలో పలచగా కలిపి, బట్టలో వడగట్టి, బంక కలిపి అందించారు. నాన్న మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని ఎవరు ఎక్కడ వదిలేశారో చేత్తో చూపిస్తూ ఉన్నారు. అమ్మ ఒక కుంచె తీసుకుని పిట్టగోడ వెంట నేలకీ గోడకీ మధ్య మూలంతా ఒక్కతే వేసుకుంటూ పోయింది. అంత ఓపికగా వేసేవాళ్లు మాలో ఇంకెవరూ లేరు.

మొదటి పావుగంట అందరికీ నీరసం వచ్చింది. ఎందుకంటే వేస్తున్నదేదీ కనపడదు. కుంచె పోయినంత మేరా మురికినీళ్లు జల్లినట్టు ఉంటుంది తప్ప తెలుపు అన్నదే లేదు. పిల్లాడైతే, "ఇది పనిచెయ్యట్లేదు పిన్నీ" అని నా దగ్గరికొచ్చాడు. ఇంకో పూత గట్టిగా వేద్దామా అని మా ఆయన కూడా అన్నాడు. నాన్న చెయ్యి అడ్డంగా ఊపి, ఆగమన్నట్టు చూపించారు. సూర్యుడు ఇంకా రాలేదు, తూర్పున ఎర్రబడుతోంది. మేం ఆ మూల నుంచి ఈ మూలకి వచ్చి వెనక్కి తిరిగి చూసేసరికి, మొదట వేసిన వరస తెల్లబడుతోంది. ఎవరూ ముట్టుకోకుండానే. తడి వెనక్కి తగ్గుతున్న అంచు వెంట తెలుపు ముందుకు నడిచొస్తోంది. పిల్లాడు ఆ అంచు పక్కనే గొంతుక్కూర్చుని, దాంతోపాటు కొంచెం కొంచెంగా జరుగుతూ, పనంతా మానేసి చూస్తూ ఉండిపోయాడు. వాణ్ణి ఎవరం కదపలేదు.

ఇంటికి వచ్చినవాళ్ల చేతికి ఒక పని ఇవ్వాలని ఇప్పుడు గట్టిగా అనుకుంటున్నాను. హాల్లో ఎదురెదురుగా కూర్చుంటే గంటలో మాటలు అయిపోతాయి, ఆ తర్వాత మర్యాదలు మిగులుతాయి. నేలకేసి చూస్తూ, పక్కపక్కన కుంచెలు లాగుతూ ఉంటే ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు. మాట మధ్యలో ఆగిపోయినా ఇబ్బంది లేదు, కుంచె నడుస్తూనే ఉంటుంది. నా స్నేహితురాలు ఏడాదిగా ఒక్కతే మోస్తున్న ఒక విషయం నాకా పొద్దున చెప్పింది. అదేమిటో ఇక్కడ రాయను. మూడో వరస దగ్గర మొదలుపెట్టి అయిదో వరస చివర ముగించింది. నేను కళ్లెత్తకుండానే "ఊఁ" అంటూ విన్నాను. మేం ఫోన్లో వారానికి రెండుసార్లు మాట్లాడుకుంటాం. అన్ని ఫోన్లలోనూ రాని మాట అది.

ఏడున్నరకి ఎండ డాబా మీదికి వచ్చేసింది. అప్పటికి సగమే అయింది. మిగతాది సాయంత్రం వేద్దామంటే మా అమ్మాయి వద్దంది. "సగం అలాగే ఉండనీ అమ్మా. తేడా ఎంతుందో కొలుద్దాం."

పదకొండింటికి కరెంటు పోయింది.

ఏం చెయ్యాలో అమ్మకి ముందే తెలుసు. పాత నూలు దుప్పట్లు తడిపి పిండి, గాలి వచ్చేవైపు కిటికీలకి కట్టించింది. కింద అంచులు నీళ్ల బకెట్లలో మునిగేలా వదిలింది, బట్ట తనే నీళ్లు పైకి లాక్కుంటుందని. పొడిగాలి తడిబట్టలోంచి దూరి లోపలికి వస్తుంటే, కొండ మీద చెట్టు కిందికి వచ్చినట్టే ఉంది. లీటరు నీరు ఆవిరైపోవడానికి ఎంత వేడి కావాలో తెలుసా? ఆ వేడితో ఏడు లీటర్ల మామూలు నీళ్లని మరిగే దాకా తీసుకుపోవచ్చు. అంత వేడీ ఆ గుడ్డ గాల్లోంచే లాక్కుంటుంది, మంట లేదు, మోటారు లేదు. గాల్లో అప్పటికే తేమ నిండి ఉంటే మాత్రం ఈ ఉపాయం పారదు. ఆ రోజు గాలి ఎముకల్లా ఎండి ఉంది కాబట్టి బాగా పారింది. నిన్న పొయ్యి లేకుండా నీళ్లు మరిగాయి, ఇవాళ యంత్రం లేకుండా గాలి చల్లబడింది అని పిల్లాడు లెక్క కట్టుకున్నాడు.

భోజనాలయ్యాక అందరం ఆ గదిలోనే నేల మీద అడ్డదిడ్డంగా పడుకున్నాం. ఆ రెండు గంటల గురించి చెప్పడానికి ఏమీ లేదు, అందుకే నాకు అంత ఇష్టం. దుప్పట్ల మడతల నుంచి బకెట్లలోకి చుక్కలు పడుతున్నాయి. నాన్న గురక. స్నేహితురాలి భర్తకి పేకముక్కలతో మేడలు కట్టడం వచ్చని మాకు ఇన్నేళ్లలో తెలియదు. ఫాన్లు ఆగిపోయి, కిటికీ గాలి అటు రాకపోవడంతో, మూలన కూర్చుని అయిదంతస్తులు కట్టాడు. ఆరో అంతస్తు ఎక్కిస్తుండగా కరెంటు వచ్చింది, ఫాన్ తిరిగింది. మేడ కూలింది. అందరం ఒకేసారి "అయ్యో" అన్నాం. నాన్న లేచి కూర్చుని ఏమైందని అడిగారు.

మూడింటికి డాబా మీద పరీక్ష. నియమం మా అమ్మాయి పెట్టింది: చెప్పులు లేకుండా నిలబడాలి, మనసులో కాకుండా పైకి లెక్కపెట్టాలి. వెల్ల వెయ్యని వైపు తను "మూడు" అనేలోపే ఎగిరి వచ్చేసింది. నేను నాలుగు. మా ఆయన పంతానికి ఆరు దాకా ఉండి, మెట్ల మీదికి వచ్చి అరికాళ్లు చల్లటి గోడకి ఆనించుకున్నాడు. తెల్లని వైపు ఇరవై దాకా లెక్కపెట్టి కూడా మా అమ్మాయి కదల్లేదు. వెచ్చగా ఉంది, కాలడం లేదు. పిల్లాణ్ణి తెల్లని వైపే నిలబెట్టాం, వాడు యాభై దాకా లెక్కపెట్టి ఇక చాలన్నాడు. కళ్లు మాత్రం తెరవలేకపోయాం, అంత తెల్లగా కొడుతోంది వెలుగు. ఒకటే స్లాబు, ఒకటే ఎండ, మధ్యలో ఒక గీత. నాన్న మోకాలు పట్టుకుని మెట్లెక్కి వచ్చి, వంగి, ఒక అరచెయ్యి ఇటువైపూ ఒక అరచెయ్యి అటువైపూ ఆనించి, వెంటనే ఒకటి తీసేశారు. రెండోదాన్ని అక్కడే ఉంచి కాసేపు అలాగే ఉన్నారు. ఏమీ అనలేదు. రెండేళ్లు ఎందుకు వాయిదా వేశానా అని నాకు బాధ కలిగింది, ఆ మాట ఆయన చెవి దగ్గర చెప్పాను కూడా. "ఇప్పుడు వేశాంగా" అన్నారు.

సాయంత్రం వెల్ల వెయ్యని వైపు నీళ్లు చల్లాం. మొదటి చెంబు నీళ్లు పడ్డ చోటే ఆవిరైపోయాయి. కింద పెరట్లో మొక్కలకి అమ్మ నీళ్లు పెడుతుంటే మట్టి వాసన పైదాకా వచ్చింది. మా అమ్మాయి చెప్పింది, ఈ వాసనకి పెట్రికోర్ అని పేరు పెట్టింది 1964లో ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలట. అంతకుముందు వేల ఏళ్లు మనుషులు దీన్ని పీలుస్తూనే ఉన్నారు కదా, పేరు లేకుండానే అని అమ్మ అంది.

రాత్రి తొమ్మిదింటికి పక్కలు తెల్లవైపు వేసుకున్నాం. ఒక దుప్పటి దులిపితే సున్నం పొడి కొంచెం లేచింది గానీ బంక బాగానే పట్టింది. చుట్టుపక్కల దీపాలు కొన్ని ఆరాయి, చందమామ ఇంకా రాలేదు. చీకట్లో నాన్నకి మా పెదాలు కనపడవు. అంటే మా మాటలు ఆయనకి ఇక అందవు. ఆయన వెల్లకిలా పడుకుని తన పాటికి తను పైకి చూస్తున్నారు. మా అమ్మాయి అది గమనించింది. వెళ్లి ఆయన పక్కన పడుకుని, ఆయన చూపుడువేలు తన చేత్తో పట్టుకుని ఆకాశంలో నడిపించడం మొదలుపెట్టింది. ముందు ఉత్తరాన సప్తర్షులు, ఏడుచుక్కల మీద ఒక్కొక్కటిగా ఆపుతూ. తోక మధ్య చుక్క దగ్గర ఎక్కువసేపు ఆపింది. అక్కడ వసిష్ఠుడి పక్కనే సన్నగా అరుంధతి ఉంటుంది. ఆయన బొటనవేలు పైకెత్తి చూపించారు, కనపడిందని. తోక వంపు అలాగే పొడిగించుకుంటూ పోతే నడినెత్తిన నారింజరంగులో వెలిగే పెద్ద చుక్క స్వాతి. అదే వంపులో ఇంకా దక్షిణానికి దిగితే తెల్లగా, నీలంగా చిత్త. ఆగ్నేయ మూల కొంత పైకొచ్చిన ఎర్రటిది జ్యేష్ఠ. దాన్ని తెచ్చి సూర్యుడున్న చోట పెడితే భూమి, అంగారకుడి కక్ష్యలు కూడా దాని కడుపులోనే ఉండిపోతాయి. ఒక్కోదాని దగ్గర నాన్న పేరు పైకి అంటారు, తను చేతిని ఒకసారి నొక్కుతుంది, సరే అన్నట్టు. ఒక్క మాట లేకుండా ఆకాశం సగం తిరిగి వచ్చారు ఇద్దరూ.

స్వాతి వెలుగు మన దాకా రావడానికి సుమారు 37 ఏళ్లు పడుతుంది. ఆ మాట నేను పైకి అన్నాను, అన్నాక లెక్కేసుకున్నాను. పక్కన పడుకున్న నా స్నేహితురాలి మోచెయ్యి పొడిచి, "ఏమే, ఆ వెలుగు అక్కడ బయల్దేరిన ఏడు మనం ఒకటో తరగతి" అన్నాను. తను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ రోజు నా పలక పగిలితే నీది సగం ఇచ్చావు రాసుకోమని" అంది. నాకది గుర్తు లేదు. తనకి ఉంది. పలక మధ్యలో గీత గీసి, ఇటు నువ్వు, అటు నేను అన్నానట.

పడమర అంచు నుంచి రెప్ప వెయ్యకుండా ఒక వెలుగు నిలకడగా పైకి నడిచొచ్చింది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం. దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తున, గంటన్నరకి ఒకసారి భూమిని చుట్టొస్తుంది. 2000 నవంబరు 2 నుంచి అందులో మనుషులు లేని రోజంటూ లేదు. అంటే మా అమ్మాయి పుట్టినప్పటి నుంచి ఏ రాత్రి తలెత్తినా పైన ఎవరో ఒకరు ఉన్నారు. పిల్లాడు చెయ్యి ఊపాడు. అది నీడలోకి పోయి మాయమయ్యే దాకా ఊపుతూనే ఉన్నాడు, అలాగే నిద్రపోయాడు.

ఆదివారం తెల్లవారుజామున తెల్ల సగానికే రెండో పూత వేశాం, ఇంకా పలచగా. మధ్యాహ్నం దాకా ఇంట్లోనే. స్నేహితురాలి చీరంచుకి సున్నం మరక అంటింది, ఉతుకుతానంటే వద్దంది. నాలుగింటికి వాళ్లు బయల్దేరారు. ఆ రాత్రి తెల్లవైపు కింద ఉన్న గదిలో పడుకుని నేను సీలింగు వైపు చెయ్యి చాచాను. సెగ లేదు. పక్కగదిలో ఇంకా ఉంది.

సోమవారం పొద్దున మిగతా సగం ఎప్పుడు వేద్దామని మా ఆయన అడుగుతుండగానే స్నేహితురాలి ఫోన్ వచ్చింది. వాళ్లబ్బాయి లాక్కుని మాట్లాడాడు. ఆ సగం మేమొచ్చేదాకా వెయ్యొద్దని తాతయ్యకి చెప్పు పిన్నీ, అక్క సెలవులకి వచ్చినప్పుడు అందరం కలిసి వేద్దాం అన్నాడు. అప్పటికి ఎండలు పోతాయిరా అన్నాను. పోతే పోనీ అన్నాడు.

నేను పెరట్లోకి వెళ్లి ఆ మాట నాన్న చెవిలో చెప్పాను. మిగిలిన సున్నం పాడైపోతుందేమో అన్నాను. సున్నం నీళ్ల కింద మునిగి ఉన్నన్నాళ్లు పాడవదని, ఎన్నాళ్లుంటే అంత మెత్తబడుతుందని అన్నారు. డ్రమ్ములోకి తొంగిచూసి, ముద్ద మునిగేలా ఇంకో రెండు చెంబుల నీళ్లు పోశారు. మూత పెట్టి, దాని మీద ఇటుక పెట్టారు.